పుల్ల, కట్ట, మోపు: మా అరుగు మీద లెక్కలాటల డైరీ

జూన్ 16

మొదటి రోజే పదకొండు మంది వచ్చారు. అందరిలోకీ చిన్నదానికి ఐదేళ్ళు, పెద్దవాడికి ఎనిమిది నిండాయి. బళ్ళు తెరిచి నాలుగు రోజులే కాబట్టి పిల్లల్ని ఇంకా వేసవి వదల్లేదు. మా ఊరు పలాస నుంచి సముద్రం వైపు వచ్చే దారిలో, ఉద్దానంలో ఉంది. ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస. నేను డి.ఎడ్. పూర్తిచేసి ప్రస్తుతానికి ఇంట్లో మిషను కుడుతున్నాను. సాయంత్రం అయిదున్నర నుంచి ఆరున్నర దాకా మిషను ఆపేసి, మా వీధరుగు మీద పిల్లలకి ఆటలతో లెక్కలు నేర్పుతానని ఇంటింటికీ వెళ్ళి చెప్పి వచ్చాను. ఏది కుదిరిందో, ఏది కుదరలేదో ఏ రోజుకారోజు రాసుకోకపోతే వారం తిరిగేసరికి మరిచిపోతాను. అందుకే ఈ డైరీ. పిల్లల పేర్లు ఇందులో రాయను. నేను మనసులో పిలుచుకునే పేర్లే పెడతాను.

ఆట మొదలుపెట్టక ముందు ఎవరికి ఎంత వచ్చో చూశాను. పరీక్ష అన్న మాట ఎత్తలేదు. ఒక్కొక్కరినీ చింతపిక్కల చేట ముందు కూర్చోబెట్టి అడిగాను. ఇరవై దాకా చెప్పు. ఏడు పిక్కలు నా చేతిలో పెట్టు. ఈ రెండు చీటీల్లో, ఎనిమిది, ఆరు, ఏది పెద్దది? ఏడేళ్ళు నిండిన నలుగురికీ మాత్రం పలక మీద ఇంకో లెక్క: 42 లోంచి 17 తియ్యి.

ఇరవై దాకా తొమ్మిది మంది గడగడా చెప్పేశారు. ఏడు పిక్కలు సరిగ్గా ఇచ్చింది ఆరుగురే. మిగతావాళ్ళ నోటిది ఒక పరుగు, చేతిది ఒక పరుగు. నోరు ఏడు దగ్గర ఆగేసరికి చెయ్యి అయిదు దగ్గరో తొమ్మిది దగ్గరో ఉంటోంది. చిన్నది అసలు ఎంచనే లేదు. గుప్పెడు తీసి నా చేతిలో పోసి "ఏడు" అంది.

పలక లెక్క నలుగురిలో ఒక్క పిల్లకే వచ్చింది, కవలల్లో అక్కకి. మిగతా ముగ్గురూ 35 అని వేశారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేశారు. అందులో ఒకడు మా సంతబ్బాయి. వాళ్ళమ్మ వారం వారం సంతలో ఎండుచేపలు అమ్ముతుంది, వీడు పక్కన కూర్చుని చిల్లర ఇస్తాడు. పలక పక్కన పెట్టించి ఊరికే నోటితో అడిగాను: "మీ అమ్మ దగ్గర నలభై రెండు రూపాయలున్నాయి, పదిహేడు ఖర్చయ్యాయి. ఎంత మిగిలింది?" నా మాట పూర్తి కాకుండానే ఇరవై ఐదు అన్నాడు. మరి పలక మీద ముప్పై ఐదు వేశావేం అంటే, నేనేదో తెలియనిదాన్ని అడిగినట్టు చూసి, "అది బడి నెక్క అప్పా" అన్నాడు. మా వైపు అప్ప అంటే అక్క; లెక్కని నెక్క, లేవుని నేవు అంటారు.

జూన్ 18

ఆ మాట చుట్టూ రెండు రోజులు తిరిగాను. వాడికి లెక్క రాదనడానికి లేదు. వచ్చిన లెక్క సంతలో ఉండిపోయింది, పలక దాకా రాలేదు.

2025 ఫిబ్రవరిలో 'నేచర్' పత్రికలో అచ్చయిన పరిశోధన ఒకటి సరిగ్గా ఇదే చెప్పింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ స్పెల్కీ వాళ్ళందరూ కలిసి చేసింది. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లలు నోటితో పెద్ద పెద్ద లెక్కలు తప్పు లేకుండా వేశారు. అవే లెక్కలు బడి పుస్తకం తీరులో ఇస్తే తడబడ్డారు. బడిలో చదివే పిల్లలది దీనికి తిరగేసిన కథ. బజారు లెక్క ముందు వాళ్ళు తేలిపోయారు.

దానికంటే ముందు, 2017లో, డుఫ్లో, స్పెల్కీ మరికొందరు ఢిల్లీలో పదిహేను వందల పైచిలుకు చిన్నపిల్లలతో నెలల తరబడి లెక్కల ఆటలు ఆడించి చూశారు. ఏది ఎక్కువ, ఏది తక్కువ అని చూపుతో పోల్చే తెలివి పెరిగింది. ఆ పెరిగింది ఏడాది దాటాక కూడా నిలిచింది. కానీ ఒకటో తరగతిలో అంకెలతో చేసే లెక్కల దగ్గరికి వచ్చేసరికి ఆడిన పిల్లలకీ ఆడని పిల్లలకీ తేడా కనబడలేదు. ఇది చదివినప్పుడు నాకు దిగులు వేసింది. ఇప్పుడు మాత్రం ఏం చెయ్యాలో చెబుతున్నట్టుంది. ఆట చివర పది నిమిషాలు అదే ఆట పలక మీదకి రావాలి. ఏ రోజూ తప్పకూడదు. నేను పెట్టుకున్న నియమం ఇదొక్కటే.

జూన్ 20

దేంతో ఆడించాలన్న దగ్గర చిన్న గొడవ. మా వైపు వేసవంతా పిల్లలాడేది జీడిపిక్కలాటే. ఇవాళ కూడా జేబుల నిండా తెచ్చారు. అమ్మ చూసి ఒక్క పిక్క లేకుండా పారబోయించింది. అమ్మ పదిహేనేళ్ళుగా జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తోంది. పిక్క తొక్కలో ఉండే జీడి చేతికి తగిలితే చర్మం ఎలా కాలుతుందో ఆవిడ వేళ్ళు చూస్తే చాలు. పచ్చి పిక్క పగిలి కంట్లో పడితే ఇంకేమైనా ఉందా? చిన్నపిల్లల చేతికి చింతపిక్కే మంచిది.

అరకిలో చింతపిక్కలు కడిగి ఎండబెట్టాను. తలా అయిదు పిక్కలిచ్చి, అరుగు పక్కనున్న నూరుడుబండ మీద ఒక వైపు తెల్లబడేదాకా రుద్దమన్నాను. గవ్వలు లేని ఇళ్ళలో మా మామ్మ తరం వాళ్ళు పాచికలు ఇలాగే చేసుకునేవారు. ఒక వైపు నలుపు, ఒక వైపు తెలుపు. ఆ రుద్దడమే పిల్లలకి అరగంట ఆట అయింది.

ఆట చాలా తేలిక. అయిదు పిక్కలు గుప్పిట్లో ఆడించి వేస్తారు. "తెల్లవి మూడు, నల్లవి రెండు, అన్నీ అయిదు." ఆ వెంటనే పలక మీద 3 + 2 = 5. మళ్ళీ వేస్తే 1, 4. మళ్ళీ వేస్తే అన్నీ నల్లవే. "తెల్లవి నేవు" అంది చిన్నది. నేవు అంటే పలక మీద ఏం రాయాలని అడిగాను. కవలల్లో తమ్ముడు సున్న చుట్టి చూపించాడు. సున్న గురించి నేను పాఠం చెప్పనే లేదు.

జూన్ 24

చిన్నది ఒక పిక్క ముక్కులో పెట్టుకుంది. వాళ్ళమ్మ తలవంచి చీదించగానే బయటపడింది. నా గుండె మాత్రం దడదడలాడింది. ఇకమీదట ఆరేళ్ళ లోపు వాళ్ళకి పిక్కలు కాదు, సీసా మూతలు. ఆట అయ్యాక ఎన్ని ఇచ్చానో అన్నీ తిరిగి లెక్కబెట్టి తీసుకోవాలి. (ఈ రెండో నియమం తర్వాత అనుకోకుండా మంచి లెక్కల పాఠమైంది. ఒకటి తగ్గిందంటే పదకొండు మందీ కలిసి వెతుకుతున్నారు.)

జూలై 1

గుడ్ల అట్ట దొరికింది. కిరాణా కొట్టులో అడిగితే ఊరికే ఇచ్చారు. ముప్పై గుంటలు, అయిదేసి చొప్పున ఆరు వరసలు. రెండేసి వరసలకి ఒక ముక్క కత్తిరిస్తే మూడు ముక్కలొస్తాయి, ఒక్కొక్కటి పది గుంటలు. ఏడు మూతలు పెడితే పై వరస నిండి కింద రెండు ఉంటాయి. ఏడంటే అయిదూ రెండూ. ఇంకా మూడు ఖాళీ. ఈ రెండు సంగతులూ ఒకేసారి కంటికి కనబడటం నాకు బాగా నచ్చింది.

నాలుగు దాకా ఉన్నవాటిని మనం ఎంచక్కర్లేకుండా ఒక చూపులో పట్టేస్తాం. అది దాటితే ఎంచాలి, లేదా గుంపు కట్టాలి. అట్ట ఆ గుంపు కట్టిపెడుతోంది. వారం కిందట "ఒకటి, రెండు…" అని వేలు పెట్టి ఎంచినవాళ్ళే ఇప్పుడు ఎనిమిదిని చూసి "రెండు ఖాళీ" అంటున్నారు.

జూలై 4

మా మామ్మ మధ్యలో వచ్చి కూర్చుంది. పిక్కలు చేటలోకి ఎంచుతూ "లాభం, రెండు, మూడు…" అంది. పిల్లలు విరగబడి నవ్వారు. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతని ఒకటి అనరు, లాభం అంటారు. ఆ రోజు నుంచి అందరూ లాభంతోనే మొదలుపెడుతున్నారు. పలక మీద లాభం ఎలా రాస్తారని అడిగితే ఒక గీత గీసి చూపించారు. నాకు అంతకంటే ఏం కావాలి?

జూలై 7

దారి ఆట. సిమెంటు గచ్చు మీద సుద్దతో తిన్నటి దారి గీశాను, 1 నుంచి 20 గడులు. నాలుగు గవ్వలు వెయ్యాలి, వెల్లకిలా ఎన్ని పడితే అన్ని గడులు. బొమ్మలు లేవు. పిల్లలే నడుస్తారు.

అష్టాచెమ్మాతో ఎందుకు మొదలుపెట్టలేదని మామ్మ కోప్పడింది. అష్టాచెమ్మా అంటే నాకు ప్రాణమే. కానీ రెండు కారణాలున్నాయి. నాలుగూ బోర్లాపడితే ఎనిమిది అన్నది పెద్దవాళ్ళకి ఆచారంగా సరిపోతుంది, అయిదేళ్ళ పిల్లకి అబద్ధంలా ఉంటుంది. కళ్ళ ముందు ఒక్క గవ్వా తెరుచుకోలేదు, ఎనిమిది అంటున్నారేమిటని. మా దారి ఆటలో నాలుగూ బోర్లాపడితే సున్న, కదలకూడదు. రెండోది, అష్టాచెమ్మాలో కాయ గుండ్రంగా తిరుగుతుంది. రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అని ఇద్దరు పరిశోధకులు 2008లో బీద కుటుంబాల పిల్లలతో 1 నుంచి 10 దాకా గడులున్న తిన్నటి దారి ఆట రెండు వారాల్లో నాలుగు సార్లు ఆడించి చూశారు. అంతకే పిల్లలకి ఏ అంకె పెద్దది, ఏది ఎక్కడుంటుంది అన్నది బాగా తెలిసింది. తొమ్మిది వారాల తర్వాత చూసినా ఆ తెలివి ఉంది. మరుసటేడు అదే ఆటని గుండ్రటి దారి మీద ఆడిస్తే ఆ ఫలితం రాలేదు. తిన్నటి దారిలో ముందుకెళ్ళే కొద్దీ అంకె పెరుగుతుంది, దూరం పెరుగుతుంది, నడిచే సేపూ పెరుగుతుంది. గుండ్రంగా తిరిగితే ఎక్కువ అన్నది ఎటుందో తెలియదు.

ఇంకో సంగతి నేను కళ్ళారా చూశాను. ఆరో గడిలో ఉన్న పిల్ల మూడు పడితే "ఒకటి, రెండు, మూడు" అంటూ నడుస్తుంది. తొమ్మిదిలో నిలబడి ఉంటుంది గానీ తొమ్మిది అన్న మాట నోటికి రాదు. అందుకని "ఏడు, ఎనిమిది, తొమ్మిది" అని గడి పేరు చెబుతూ నడవాలని పట్టుబట్టాను. మొదటి రోజు అందరికీ కష్టమైంది. ఆట నెమ్మదించింది, విసుక్కున్నారు. మూడో రోజుకి అడుగు వెయ్యకముందే "తొమ్మిదికెల్తాను" అని కేక వేస్తున్నారు. కూడిక అంటే అదే కదా. పలక మీద 6 + 3 = 9 రాయడానికి ఇప్పుడు ఎవరూ మొరాయించడం లేదు.

జూలై 9

ఇవాళ తప్పు చేశాను. పిక్కలు ఒక్క క్షణం చూపించి మూసేసి, ఎవరు ముందు చెబితే వాళ్ళకి గవ్వ అన్నాను. హుషారుగా ఉంటుందనుకున్నాను. సంతబ్బాయికీ కవలల్లో తమ్ముడికీ కలిపి పద్నాలుగు గవ్వలు. నేను గాజులపిల్ల అని పిలుచుకునే నాలుగో పెద్దపిల్లకి ఒక్కటీ లేదు.

జూలై 17

గాజులపిల్ల వారం నుంచి రావడం లేదు. ఇవాళ వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు వెనకాల నిలబడి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నాను నెక్కెడతన్నంతలో ఆళ్ళు సెప్పేస్తారప్పా" అంది.

ఆ పిల్ల చెప్పినదాంట్లో తప్పు లేదు. గెలుపు వేగానిది అయినప్పుడు, నెమ్మదిగా ఆలోచించేవాళ్ళకి ఆలోచించే సమయమే దొరకదు. వేరేవాళ్ళు జవాబు చెప్పేశాక ఎంచడం ఎందుకని ఆపేస్తారు. అందరికంటే ఎక్కువ నేర్చుకోవలసిన పిల్లలకే అందరికంటే తక్కువ సాధన అవుతుంది. ఎనిమిది రోజులు ఒక పిల్లని అరుగుకి దూరం చేశాను.

రేపటి నుంచి ఇలా: అందరూ జవాబు పలక మీద రాసి బోర్లించాలి. నేను "తిప్పండి" అన్నాక అందరూ ఒకేసారి తిప్పాలి. గవ్వలు ఎవరికీ విడిగా ఉండవు. ఎన్ని పలకలు సరిగా ఉంటే అన్ని గవ్వలు అందరి డబ్బాలో పడతాయి. డబ్బాలో వంద నిండితే మామ్మ అందరికీ జంతికలు చేస్తానంది.

జూలై 18

వచ్చింది. పది సార్లు పలక తిప్పింది, పదిసార్లూ సరైన జవాబే.

జూలై 22

కవలల నాన్న వచ్చి అరుగు కింద నిలబడి కాసేపు చూశాడు. "సదువు సెప్తావని పంపితే ఆటలాడిస్తన్నావేటమ్మా?" అన్నాడు. మాటలో కోపం లేదు, బెంగ ఉంది. పొద్దస్తమానం తోటలో పనిచేసి పిల్లలకి ఆ గంట ఇస్తున్నాడు, ఆ గంట వృథా అవుతుందేమోనని. నేను వాదించలేదు. కూతురి పలక చూపించాను. ఆడిన ప్రతి ఆటా దాని మీద ఉంది, ఏ వరస ఏ ఆటదో పిల్ల చెప్పింది. అయినా ఆయన మాటలో సగం నిజం ఉందని నాకు తెలుసు. పలక లేకుండా ఆట ఒక్కటే ఆడిస్తే ఆయన బెంగే నిజమవుతుంది.

జూలై 28

వామనగుంటలు. మామ్మ పెట్టెలోంచి చెక్క తీసింది. అటు ఏడు, ఇటు ఏడు, పద్నాలుగు గుంటలు. కొన్ని ఇళ్ళలో అయిదేసి పోస్తారు గానీ మామ్మ నాలుగేసి పోయించింది. మొత్తం 56. ఒక గుంటలోవి తీసి ఒక్కొక్కటీ పంచుకుంటూ వెళ్ళి, ఆగిన చోట పక్క గుంటలోవి తీసి మళ్ళీ పంచడం, ఖాళీ గుంట ఎదురైతే దాని తర్వాత గుంటలోవి మనవి.

ఆట చివర ఎవరికెన్నో అట్ట ముక్కల్లో పోసి చూడాలి. ఒక అట్ట నిండితే పది. సంతబ్బాయికి మూడు అట్టలు నిండి ఒకటి మిగిలింది, ముప్పై ఒకటి. గాజులపిల్ల తన పిక్కలు అట్టలో పొయ్యలేదు. చేతిలోనే పట్టుకుని, "ఆడికి ముప్పయ్యొకటొస్తే నాకు ఇరవయ్యైదు. నెక్కెట్టక్కర్నేదు" అంది. ఎలా తెలిసిందని అడిగాను. "అన్నీ యాభయ్యారే కదప్పా. ఎక్కడికి పోతాయి?"

ఇన్నాళ్ళ నా శ్రమకి ఆ ఒక్క మాట చాలు. పలక మీద 56 − 31 = 25 అని ఆ పిల్లే రాసింది. తర్వాత ప్రతి ఆటకీ ఒకరివే ఎంచి, రెండోవాళ్ళవి చెప్పి, తర్వాత పోసి చూసుకోవడం మొదలుపెట్టారు. ఒకసారి ఇద్దరివీ కలిపితే 55 వచ్చింది. చేట కింద దొరికింది ఆ పిక్క.

ఆగస్టు 2

ఇరవై, అరవై. చెవికి ఈ రెండూ ఎంత దగ్గరో ఇన్నాళ్ళూ నేను గమనించలేదు. అరవై రాయమంటే ముగ్గురు 20 రాశారు. బడిలో ఇంగ్లీషులో ఫోర్టీన్, ఫార్టీ దగ్గర ఇలాంటి చిక్కే ఉంది. ఒక్కో పిల్ల బుర్రలో రెండు చిక్కులూ కలిసి ముడిపడుతున్నాయి.

తెలుగులో మనకున్న సుఖం ఏమిటంటే, ఇరవై దాటాక పేరులోనే లెక్క ఉంటుంది. ఇరవై ఏడు అంటే ఇరవై, ఆపైన ఏడు. రాసే వరస కూడా అదే. ఆ సుఖమే ఒక తప్పుకి దారి తీస్తోంది. చెవికి విన్నది విన్నట్టు 20, పక్కన 7, వెరసి 207 అని రాసేస్తున్నారు. నలుగురు అలా రాశారు. అది తెలివితక్కువ తప్పు కాదు. విన్నదాన్ని నమ్మకంగా రాసిన తప్పు.

పాత శుభలేఖలు కత్తిరించి చీట్లు చేశాను. 10, 20, 30 లాంటివి పొడుగు చీట్లు. 1 నుంచి 9 దాకా అందులో సగం పొడవు. ఇరవై మీద ఏడు పెడితే సున్న సరిగ్గా ఏడు కింద దాక్కుంటుంది. "సున్నేదప్పా?" అని చిన్నది ఏడుని ఎత్తి చూసింది. అక్కడే ఉంది. పదిసార్లు ఎత్తి, పదిసార్లు మూసింది.

ఆగస్టు 8

రెండు రోజులుగా వాన. అరుగు మీద కుదరలేదు, లోపల గదిలో కూర్చున్నాం. గుడ్ల అట్టలు తడిసి మెత్తబడిపోయాయి, మళ్ళీ తేవాలి. అమ్మకి ఫ్యాక్టరీ సెలవు. పిల్లలు ఆవిడ చుట్టూ చేరి జీడిపప్పు గురించి అడిగారు. 180, 240, 320 అని రకాలుంటాయి, అందులో ఏది పెద్ద పప్పో చెప్పండి అంది అమ్మ. అందరూ ఒక్క గొంతుతో 320 అన్నారు. కాదు, అది చిన్నది. పౌండు (అరకిలోకి కాస్త తక్కువ) తూకానికి ఎన్ని పప్పులు తూగుతాయో ఆ అంకె. పప్పు చిన్నదయ్యే కొద్దీ ఎక్కువ తూగుతాయి. సంతబ్బాయి కాసేపు ఆలోచించి, "మా నెత్తళ్ళు కూడా అంతే. సిన్నయ్యి అయితే కిలోకి సానా తూగుతాయి" అన్నాడు. ఇది నా పాఠం కాదు, అయినా రాసిపెట్టుకుంటున్నాను.

ఆగస్టు 11

ఇప్పుడు అసలు పని, ఆ 42 − 17.

కొబ్బరాకుల ఈనెలు జానెడు పొడవున కత్తిరించాను. ఒకటి పుల్ల. పది పుల్లలకి రబ్బరు బ్యాండు వేస్తే కట్ట. పది కట్టలు కలిపి తాడుతో కడితే మోపు. ఈ మూడు మాటలూ పిల్లలకి పుట్టినప్పటి నుంచీ తెలుసు, వాళ్ళ ఇళ్ళలో కట్టెలు కట్టేదీ మోసేదీ ఇలాగే.

ఆట: అందరికీ తలా అయిదు కట్టలు. గవ్వలు వేస్తే ఎన్ని పడితే అన్ని పుల్లలు నడుమనున్న చేటలో వేసెయ్యాలి. ముందుగా చేతులు ఖాళీ అయినవాళ్ళది గెలుపు. మొదటి పందెంలోనే సమస్య వచ్చింది. మూడు పడింది, ఇవ్వడానికి విడిగా ఒక్క పుల్లా లేదు, అన్నీ కట్టలే. కవలల్లో తమ్ముడు కట్టలోంచి మూడు పుల్లలు లాగేశాడు. మిగతా ఏడూ రబ్బరు బ్యాండులోనే ఉన్నాయి. అవి ఇంకా కట్టేనా? అందరూ వాదించుకున్నారు. పది ఉంటేనే కట్ట, లేకపోతే విప్పెయ్యాలి అని తేల్చింది గాజులపిల్ల. నేను నోరు మెదపలేదు.

ప్రతి పందెం తర్వాత పలక: 50 − 3 = 47. కట్టలు నాలుగు, పుల్లలు ఏడు, 4 ఇక్కడ, 7 ఇక్కడ. మొదటి నాలుగు రోజులు పలక మీద కట్టల బొమ్మలు గీయించాను, తర్వాతే అంకెలు.

ఆగస్టు 20

బడిలో దీన్ని అప్పు తెచ్చుకోవడం అంటారు. "పక్కింట్లోంచి ఒకటి అప్పు తెచ్చుకో." నేనూ అలాగే నేర్చుకున్నాను. ఇవాళ ఆ మాట నా నోట వచ్చింది. సంతబ్బాయి వెంటనే, "మరి ఎప్పుడు తీరుస్తాం?" అని అడిగాడు. వాడి ఇంట్లో అప్పంటే ఏమిటో వాడికి తెలుసు. తీర్చకపోవడం అన్నది వాడి లెక్కలో లేదు. పైగా తెచ్చుకున్నది ఒకటి, చేతికొచ్చేసరికి పది ఎలా అయిందన్నది కూడా ఆ మాట చెప్పదు.

ఇకమీదట మా అరుగు మీద అప్పు లేదు. కట్ట విప్పడమే. మన కట్టే, మనమే విప్పుకుంటున్నాం, ఎవరికీ బాకీ లేదు. పలక మీద 42 రాసి, 4 కొట్టేసి 3 చేసి, రెండు పక్కన పది పుల్లలు చేరి పన్నెండు అయ్యాయని చెబుతుంటే వాడి ముఖంలో మొదటిసారి సంత కనబడింది.

ఆగస్టు 27

వినాయక చవితి. పిల్లలు తమకంటూ చిన్న పందిరి వేసుకున్నారు. చందాల లెక్క వాళ్ళే చూశారు. పది రూపాయల నోట్లు పదేసి మూడు కట్టలు, విడివి ఎనిమిది, చిల్లర నూట ఏడు రూపాయలు. మొత్తం 487. నన్ను ఒక్క మాట అడగలేదు. నేను చూస్తూ కూర్చున్నాను.

సెప్టెంబరు 4

అష్టాచెమ్మా ఎట్టకేలకు, పెద్దపిల్లలు నలుగురికీ. మామ్మ కూడా కూర్చుంది. ఆడే ముందు గడులెన్నో చెప్పమన్నాను. బయటి చుట్టు పదహారు, లోపలి చుట్టు ఎనిమిది, నడుమ పండుగడి ఒకటి, మొత్తం ఇరవై ఐదు. "అయిదు అయిదులు కూడా అంతే" అంది కవలల్లో అక్క. ఇదే పిల్లకి గుణకారం పేరు ఇంకా చెప్పలేదు.

సెప్టెంబరు 15

మూడు నెలలైంది. మొదటి రోజు అడిగినవే మళ్ళీ అడిగాను. మూడో తరగతి అయ్యేసరికి ప్రతి పిల్లకీ చదవడం, లెక్కలు చెయ్యడం రావాలని 2021లో నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం మొదలుపెట్టి 2026–27 దాకా గడువు పెట్టుకున్నారు. మా పెద్దపిల్లలు మూడో తరగతిలోనే ఉన్నారు. ఈ ఏడాదితో ఆ తరగతి అయిపోతుంది, కాబట్టి వాళ్ళకి గడువు ఈ ఏడాదే.

ఇరవై దాకా అందరూ చెప్పారు. ఏడు పిక్కలు పది మంది సరిగ్గా ఇచ్చారు. చిన్నది ఏడు మూతలు ఒక్కొక్కటీ "లాభం, రెండు…" అంటూ నా చేతిలో పెట్టింది. ఆగింది. ఎనిమిదోది తీసి, "ఇది నాది" అని తన ఒళ్ళో పెట్టుకుంది. తప్పిపోయిన ఒక్కడు ఆరేళ్ళవాడు. ఎంచుతూ ఎంచుతూ రోడ్డు మీద ట్రాక్టరు చూస్తూ ఉండిపోయాడు. వాడిని రేపు మళ్ళీ అడగాలి.

పలక లెక్క ఈసారి 61 − 34. సంతబ్బాయి 6 కొట్టేసి 5 చేసి, 27 వేసి, పలక నా ముందుకి తోశాడు. గాజులపిల్ల నెమ్మదిగా వేసింది, సరిగ్గా వేసింది. కవలల్లో అక్కకి ఇది మొదటే వచ్చు.

తమ్ముడు 33 వేశాడు.

వాడు అన్ని ఆటల్లోనూ ముందుంటాడు. కట్టలాటలో వాడిని గెలవడం నాకే కష్టం. పలక దగ్గరికి వచ్చేసరికి పాత దారిలోనే పోయాడు. నాలుగులోంచి ఒకటి తీసేశాడు. తప్పని నేను చెప్పలేదు. అదే లెక్క ఈనెలతో చెయ్యమన్నాను. ఆరు కట్టలు, ఒక పుల్ల పెట్టుకుని, ఒక కట్ట విప్పి, నాలుగు పుల్లలు, మూడు కట్టలు అవతలికి తోశాడు. మిగిలినవి ఎంచాడు. ఇరవై ఏడు. పలక వైపు చూశాడు. ఈనెల వైపు చూశాడు.

"రెండూ రైటేనా అప్పా?"

ఈ మూడు నెలల్లో నన్ను ఎవరూ అడగని ప్రశ్న ఇది. జవాబు నోటి దాకా వచ్చింది. ఆపుకుని, "నువ్వే చూడు" అన్నాను. కాసేపు ఊరుకున్నాడు. తర్వాత అవతలికి తోసిన ముప్పై నాలుగునీ ఒక పక్క పెట్టి, చేటలోంచి కొత్తగా మూడు కట్టలు, మూడు పుల్లలు తీసి ఇంకో పక్క పెట్టాడు. రెండూ దగ్గరికి లాగి ఎంచాడు. ఆరు కట్టలు, ఏడు పుల్లలు.

"అరవయ్యేడొచ్చింది. మనకి అరవయ్యొకటే ఉండాలి" అని తనలో తను అనుకున్నాడు.

అప్పటికి ఆరున్నర దాటింది. మిగతా పిల్లలు వెళ్ళిపోయారు. అక్క మెట్టు మీద కూర్చుని వాడి కోసం చూస్తోంది. అమ్మ వీధి లైటు వేసింది. వాడు పలక మీద ఉమ్మి తడి చేసి, మోచేత్తో 33 చెరిపేసి, 61 మళ్ళీ రాశాడు.